నిన్న 441... రేపెంత?

మీలో చాలామంది క్రికెట్ ఆడతారు. ఆడనివారు చూస్తారు. చూడనివారికి కూడా ఆ కబుర్లు చెవిన పడక తప్పదు. కాబట్టి ఈ నెల ఒక క్రికెట్ లెక్కతో మొదలుపెడదాం.

2017–18లో 16 ఏళ్ళలోపు బాలురకు జరిగిన విజయ్ మర్చంట్ ట్రోఫీ పోటీలలో మన ఆంధ్ర జట్టు తరఫున విశాఖపట్నం కుర్రవాడొకడు ఆడాడు. అప్పటికి అతని వయస్సు 14 సంవత్సరాలు. నాగాలాండ్ జట్టు మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441 పరుగులు చేశాడు. ఆ ఏడాది పోటీలన్నింటిలో కలిపి 1,237 పరుగులు చేశాడు. ఆ ట్రోఫీలో ఒక ఏడాదిలో అన్ని పరుగులు అంతకుముందు ఎవరూ చేయలేదు. 16 ఏళ్ళలోపువారిలో ఆ ఏటి ఉత్తమ క్రీడాకారుడని భారత క్రికెట్ బోర్డు అతనికి బహుమతి కూడా ఇచ్చింది. అతని పేరు నితీష్ కుమార్ రెడ్డి.

ఇప్పుడు మీరు 2018లో ఉన్నారనుకోండి. తర్వాత జరిగినదేమీ మీకు తెలియదు. మీ చేతిలో ఉన్నది ఈ రెండు అంకెలే: 441, 1,237. ఈ కుర్రవాడు పెద్దయ్యాక ఎంత ఆటగాడవుతాడో చెప్పమంటే ఏం చెబుతారు?

"ఇంకేముంది, ప్రపంచాన్ని ఏలేస్తాడు" అని కొందరంటారు. "ఏదో గాలివాటం, వచ్చే ఏడు చూడండి" అని మరికొందరంటారు. ఇద్దరూ తొందరపడుతున్నారు. ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతకడానికి సాంఖ్యక శాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. దానిని తెలుసుకోవడానికి పెద్ద గణితం అక్కరలేదు. కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

ఈ లెక్క మనకెందుకు?

ఇది ఒక్క నితీష్ సంగతి కాదు. సంక్రాంతికి మన కోనసీమ ఊళ్ళలో టెన్నిస్ బంతితో క్రికెట్ పోటీలు జరుగుతాయి గదా. ఉప్పలగుప్తం ప్రక్కన ఏదో ఊళ్ళో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఆ నాలుగు రోజులూ విరగదీసి ఆడాడనుకుందాం. అంతే, ఊరంతా అతని పేరే. "వీణ్ణి చదువు మాన్పించి హైదరాబాదులో కోచింగుకి పెట్టండి" అని సలహాలు మొదలవుతాయి. తండ్రి అప్పు చేయడానికి కూడా సిద్ధపడతాడు. మరుసటి ఏడు ఆ కుర్రవాడు మామూలుగా ఆడితే, అదే ఊరు "పొగరెక్కి పాడైపోయాడు" అంటుంది. కుర్రవాడు కూడా ఆ మాట నమ్మి బ్యాటు అటకెక్కిస్తాడు.

మొదట ఆకాశానికి ఎత్తడం, తర్వాత పాతాళానికి తొక్కడం – ఈ రెండూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయి. ఆ పొరపాటేమిటో చూద్దాం.

రూపాయి బిళ్ళల తరగతి

మీ తరగతిలో 40 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరూ ఒక రూపాయి బిళ్ళను 10 సార్లు ఎగరవేయాలి. బొమ్మ పడితే ఒక మార్కు. బొరుసు పడితే సున్న. ఎవరికి ఎన్ని మార్కులు వచ్చాయో నల్లబల్ల మీద రాయండి.

చాలామందికి 4, 5, 6 మార్కులు వస్తాయి. ఒకరిద్దరికి మాత్రం 8 గాని, అంతకంటె ఎక్కువ గాని రావచ్చు. ఎలాగంటే, 10 సార్లు ఎగరవేస్తే బొమ్మ బొరుసులు పడే తీరులు మొత్తం 1,024. వాటిలో 8 బొమ్మలు పడేవి 45, తొమ్మిది పడేవి 10, పదీ పడేది 1. మొత్తం 56. అంటే దాదాపు 18 మందిలో ఒకరికి ఆ అదృష్టం పడుతుంది. 40 మందిలో ఇద్దరికన్నమాట.

ఆ ఇద్దరినీ లేపి నిలబెట్టండి. చప్పట్లు కొట్టండి. "బొమ్మ వేయడంలో మొనగాళ్ళు" అని బిరుదులివ్వండి. తర్వాత వాళ్ళను మళ్ళీ 10 సార్లు ఎగరవేయమనండి. ఈసారి ఎన్ని బొమ్మలు ఆశించవచ్చు? సగటున 5! వాళ్ళ చేతిలో నేర్పు తగ్గిందా? లేదు. మొదటే లేదు. అంతమందిలో ఎక్కువ మార్కులు వచ్చినవారిని మనం ఏరి నిలబెట్టాం. ఏరడంలోనే అదృష్టవంతులను ఏరేశాం. రెండోసారి ఆ అదృష్టం వాళ్ళనే పట్టుకు ఉండవలసిన అవసరం లేదు.

ఆటలో నేర్పు ఉంటుంది, రూపాయి బిళ్ళకు ఉండదు గదా అని మీరడగవచ్చు. నిజమే. ఆటలో వచ్చే ప్రతి అంకెలోనూ రెండు భాగాలుంటాయి:

పరుగులు = నేర్పు + కలిసిరావడం

క్యాచ్ జారిపోవడం, బంతి బ్యాటు అంచుకు తగిలి వికెట్ల ప్రక్కనుంచి దూసుకుపోవడం, ఎదుటి జట్టులో మంచి బౌలరుకు ఆ రోజు జ్వరం రావడం – ఇవన్నీ రెండో భాగంలోకి వస్తాయి. చాలా పెద్ద అంకె వచ్చినప్పుడు సాధారణంగా రెండు భాగాలూ పెద్దవే. నేర్పు రేపు కూడా అతనితోనే ఉంటుంది. కలిసిరావడం ఉంటుందని ఎవరూ చెప్పలేరు. కాబట్టి రేపటి అంకె నిన్నటి కంటె తగ్గుతుందనుకోవడమే సబబు. చాలా చిన్న అంకె వచ్చినవాడి విషయంలో ఇదే తిరగబడి, అతని అంకె పెరుగుతుంది.

మన కొబ్బరి రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక చెట్టు ఒక దింపులో మామూలు కంటె చాలా ఎక్కువ కాయలిచ్చిందని, ప్రతి దింపుకీ అన్నే వస్తాయనుకొని అతడు బయానా పుచ్చుకోడు. ఏడాదిలో దింపులన్నీ కలిపి చూసి, అప్పుడు చెట్టును మంచిదనో కాదనో అంటాడు.

గాల్టన్ కొలిచిన ఎత్తులు

ఈ సంగతిని మొట్టమొదట అంకెలతో చూపినవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్. ఆయన 205 జంటల తల్లిదండ్రుల ఎత్తులు, పెద్దవారైన వాళ్ళ పిల్లలు 928 మంది ఎత్తులు సేకరించి, 1886లో ఫలితాలు ప్రకటించాడు. పొడవైన తల్లిదండ్రులకు పొడవైన పిల్లలే పుట్టారు. అయితే, సగటున అంత పొడవు కాలేదు. తల్లిదండ్రులు అందరి సగటు కంటె 3 అంగుళాలు ఎక్కువ ఉంటే, పిల్లలు సగటున 2 అంగుళాలే ఎక్కువ ఉన్నారు. పొట్టి తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్ళ కంటె కొంచెం పొడవయ్యారు. దీనికి ఇప్పుడు "సగటు వైపు ప్రతిగమనం" అని పేరు.

ఇందులో ఒక తమాషా ఉంది. లెక్కను వెనక్కి తిప్పి చూడండి. బాగా పొడవైన పిల్లలను ఏరి, వాళ్ళ తల్లిదండ్రులను కొలిస్తే వాళ్ళూ సగటున పిల్లల కంటె పొట్టిగానే కనబడతారు! పిల్లల ఎత్తు వెనక్కి వెళ్ళి తల్లిదండ్రులను కుదించలేదు గదా? కాబట్టి ప్రతిగమనం అనేది ఎవరినో పట్టి లాగే శక్తి కాదు. చివరి అంకెలను ఏరి చూసినప్పుడు తప్పక కనబడే లెక్క అది.

సాంఖ్యక శాస్త్రం మనకు పరాయి విద్యేమీ కాదు. ఈ శాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగువారే. 1945లో ఆయన రాసిన ఒక పరిశోధన పత్రాన్ని పురస్కరించుకొని, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి ఇచ్చారు. అప్పటికి ఆయనకు 102 ఏళ్ళు. కొద్దిపాటి కొలతల నుంచి అసలు విలువను ఎంత దగ్గరగా అంచనా కట్టవచ్చన్నదే ఆ పత్రంలోని ముఖ్య ప్రశ్న. మనం అడుగుతున్నదీ ఆ జాతి ప్రశ్నే.

అందరూ ఒకే సగటుకు రారు

ఇక్కడ ఒక హెచ్చరిక. "అందరూ చివరకు మామూలువాళ్ళే అవుతారన్నమాట!" అనుకునేరు సుమా. అది తప్పు. ఎవరి అంకెలు వారి సొంత సగటు వైపు తిరిగి వస్తాయి.

క్రికెట్లో డాన్ బ్రాడ్‌మన్‌ను మించిన బ్యాట్స్‌మన్ లేడంటారు. 1930లో ఇంగ్లండులో జరిగిన టెస్టులలో ఆయన వరుసగా చేసిన పరుగులు ఇవి:

8, 131, 254, 1, 334, 14, 232

మొత్తం 974. ఏడు ఇన్నింగ్స్‌లకు సగటు 139 పైచిలుకు. 254 తర్వాత 1 చూశారా? 334 తర్వాత 14 చూశారా? అంతటివాడికి కూడా కొండ ప్రక్కన గొయ్యి తప్పలేదు. ఆ 139 కూడా నిలవలేదు. జీవితం మొత్తం మీద ఆయన టెస్టు సగటు 99.94. అంటే బ్రాడ్‌మన్ అంకెలు కూడా ప్రతిగమించాయి. కాని ఎక్కడికి? మామూలు బ్యాట్స్‌మన్ సగటుకు కాదు, బ్రాడ్‌మన్ సగటుకు!

కాబట్టి కొత్తగా వచ్చిన కుర్రవాడి విషయంలో అసలు ప్రశ్న "అంకె తగ్గుతుందా?" అన్నది కాదు. తగ్గుతుంది. "ఎక్కడికి తగ్గి ఆగుతుంది?" అన్నదే ప్రశ్న.

ఎవరి మీద చేసిన పరుగులు?

దానికి జవాబు చెప్పేముందు ఇంకొక సంగతి చూడాలి. పరుగులు ఏ స్థాయి ఆటలో వచ్చాయి?

2016 జనవరిలో ముంబయి దగ్గరి కల్యాణ్‌లో ప్రణవ్ ధనవాడే అనే 15 ఏళ్ళ కుర్రవాడు ఒక పాఠశాలల పోటీలో అవుట్ కాకుండా 1,009 పరుగులు చేశాడు. ప్రపంచంలో ఎక్కడా, ఏ స్థాయిలోనూ అంతకుముందు ఎవరూ వెయ్యి దాటలేదు. అంతకు మునుపటి రికార్డు 1899 నాటిది. ఇంగ్లండులో కాలిన్స్ అనే 13 ఏళ్ళ విద్యార్థి చేసిన 628 పరుగులు.

మరి ప్రణవ్‌కు ఎదురైన జట్టు ఎటువంటిది? తన రెండు ఇన్నింగ్స్‌లలో ఆ జట్టు చేసిన పరుగులు 31, 52. ఇది ప్రణవ్ పట్టుదలను తగ్గించి చెప్పడం కాదు. వెయ్యి పరుగులదాకా నిలబడడానికి ఓపిక కావాలి. కాని ఆ అంకెతో పైస్థాయి ఆటను అంచనా కట్టలేం. దేశమంతా ఆ కుర్రవాడి మీద పెట్టిన ఆశ మాత్రం ఆ అంకె అంత పెద్దది. తర్వాత పరుగులు అలా రాలేదు. 2017లో, అతనికి ఇస్తున్న ఉపకార వేతనం ఇక వద్దని తండ్రే ఉత్తరం రాశాడు. కాలిన్స్ కూడా మొదటి తరగతి క్రికెట్ ఒక్కటీ ఆడలేదు. సైన్యంలో చేరి 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించాడు. ఇద్దరూ నేర్పరులే. ఒక్క అంకె మీద భవిష్యత్తు కట్టిన లోకానిదే తొందర.

నితీష్ 1,237 పరుగులను కూడా ఇలాగే విడదీసి చూద్దాం. 441ని 1,237తో భాగిస్తే 0.36 వస్తుంది. అంటే ఏడాది మొత్తంలో మూడో వంతుకు పైగా ఒక్క ఇన్నింగ్స్‌లోనే వచ్చాయి. ఆ ఒక్కటి తీసివేసినా 796 మిగులుతాయి. అదేమీ చిన్న సంఖ్య కాదు. కాబట్టి 2018లో జాగ్రత్తగా లెక్కవేసేవాడు ఇలా అని ఉండేవాడు: "వీడిలో సరుకుంది. కాని పెద్దవాళ్ళ ఆటలో ఇన్ని రావు."

అలాగే జరిగింది. 2020 జనవరిలో అతడు రంజీ ట్రోఫీ ఆడడం మొదలుపెట్టాడు. 2024 నవంబరులో మొదటి టెస్టు ఆడేనాటికి, 23 మొదటి తరగతి మ్యాచ్‌లలో అతని పరుగులు 779. సగటు 21.05 మాత్రమే. బౌలింగులో 56 వికెట్లు కూడా తీశాడు గనక అతని విలువ పరుగులతోనే తేలదు. అయినా 441 కొట్టిన చేతికి 21 సగటు! ఇది నేర్పు పోవడం కాదు. మెట్టు మారింది. ఎదుటి బౌలర్లు పిల్లలు కాదు.

శాస్త్రజ్ఞులు ఎలా అంచనా కడతారు?

కెనడా, అమెరికాలలో మంచు మీద ఆడే హాకీకి ఎంతో ఆదరణ. అక్కడ పెద్ద లీగ్ క్రింద చిన్న లీగ్‌లుంటాయి. చిన్న లీగ్‌లో ఆడే కుర్రవాడెవరైనా హఠాత్తుగా గోల్స్ మీద గోల్స్ కొడితే, పైకి తీసుకోవాలా వద్దా అని తర్జనభర్జన పడతారు. అప్పుడు లెక్కలు తెలిసినవారు చేసే మొదటి పని, గోల్స్‌ను ప్రక్కన పెట్టి, గోలు మీదికి ఎన్ని షాట్లు కొట్టాడో చూడడం. పెద్ద లీగ్‌లో గోలు మీదికి వెళ్ళే షాట్లలో సుమారు పదింటికి ఒకటి గోలవుతుంది. మన కుర్రవాడు 80 షాట్లకు 20 గోల్స్ చేశాడనుకోండి. నాలుగింటికి ఒకటి! ఇది నిలిచే నిష్పత్తి కాదని వెంటనే అనుమానించాలి. అలాకాక, నిరుడు 80 షాట్లు కొట్టినవాడు ఈ ఏడు 200 షాట్లు కొట్టి 20 గోల్స్ చేశాడనుకోండి. ఇది నమ్మదగిన మార్పు. షాట్లు కొట్టే చోటికి చేరుకోవడం ఎక్కువగా నేర్పు మీద ఆధారపడుతుంది. కొట్టినది గోలవడంలో అదృష్టం పాలు ఎక్కువ.

రెండో పని సగటు వైపు కొంత జరపడం. దీనికి పేరుపొందిన ఉదాహరణ బేస్‌బాల్ ఆటలో ఉంది. బ్రాడ్లీ ఎఫ్రన్, కార్ల్ మారిస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1970 సీజనులో 18 మంది ఆటగాళ్ళ మొదటి 45 ప్రయత్నాలను మాత్రమే తీసుకున్నారు. వాటితో మిగిలిన సీజను ఫలితాలను అంచనా కట్టవచ్చా అని పరీక్షించారు. ఆ 45లో అందరికంటె ముందున్న రాబర్టో క్లెమెంటే నూటికి 40 సార్లు సఫలమయ్యాడు. అందరికంటె వెనుకబడినవాడు నూటికి 15.6 సార్లు. మిగిలిన సీజనులో ఏమైందో తెలుసా? 40 శాతంవాడు 34.6కు దిగాడు. 15.6 శాతంవాడు 20కి ఎక్కాడు.

18 మంది సగటు 26.5 శాతం. ప్రతివారి అంకెనూ ఆ సగటు వైపు బాగా జరిపి అంచనా కడితే, జరపకుండా కట్టిన అంచనాలతో పోల్చినప్పుడు, తప్పుల వర్గాల మొత్తం మూడో వంతు కంటె తక్కువకు పడిపోయింది! అయితే క్లెమెంటే విషయంలో ఆ పద్ధతి 29.4 అని చెప్పింది. ఆయన 34.6 చేశాడు. ఎందుకని? నిజంగానే గొప్ప ఆటగాడు గనక. పద్ధతి గుంపు మొత్తానికి బాగా పనిచేస్తుంది. గుంపులో ఒక అసాధారణుడుంటే అతన్ని తక్కువ అంచనా కడుతుంది. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుంచుకోండి.

ఎంత జరపాలి? దానికి ఒక తేలిక సూత్రం:

అంచనా = అందరి సగటు + వాటా × (ఇతని సగటు – అందరి సగటు)

వాటా = ఇన్నింగ్స్ సంఖ్య ÷ (ఇన్నింగ్స్ సంఖ్య + 15)

ఇందులో 15 అన్నది ఉదాహరణ కోసం నేను తీసుకున్న సంఖ్య. నిజంగా చేసేటప్పుడు ఆ పోటీల పాత లెక్కల నుంచి దానిని తేల్చాలి. ఇప్పుడు మన సంక్రాంతి కుర్రవాడికి వద్దాం. అందరి సగటు 20, ఇతని సగటు 60 అనుకుందాం.

5 ఇన్నింగ్స్‌లే ఆడి ఉంటే: వాటా ¼. అంచనా 30.
15 ఇన్నింగ్స్ ఆడి ఉంటే: వాటా ½. అంచనా 40.
45 ఇన్నింగ్స్ ఆడి ఉంటే: వాటా ¾. అంచనా 50.

అదే 60 సగటు! ఎన్ని ఇన్నింగ్స్‌లలో వచ్చిందన్న దాన్నిబట్టి దాని మీద మన నమ్మకం మారింది. ఎన్నాళ్ళు నిలబెట్టుకున్నాడన్నదే అసలు సాక్ష్యం.

మళ్ళీ నితీష్ దగ్గరికి

మొదటి తరగతి ఆటలో 21 సగటు ఉన్నవాడు ఆస్ట్రేలియాలో ఎంత చేస్తాడు? ఎవరైనా 20కి అటూ ఇటూ అనే చెబుతారు. 2024–25లో అక్కడ ఆడిన 5 టెస్టులలో అతడు చేసిన పరుగులు వరుసగా ఇవి:

41, 38 (అవుట్ కాలేదు), 42, 42, 16, 114, 1, 0, 4

మొత్తం 298, సగటు 37.25. అంచనా తప్పింది! తప్పడంలో ఆశ్చర్యం లేదు. అంచనా అంటే ఎక్కువగా జరగడానికి వీలున్న చోట గీసిన మధ్య గీత. ఆ గీతకు అటూ ఇటూ చాలా దూరం వరకు అంకెలు పడవచ్చు. పైగా 21 ఏళ్ళ వయస్సులో ఆట ఇంకా ఎదుగుతూ ఉంటుంది. మొదటి నాలుగు ఇన్నింగ్స్ చూడండి. పెద్ద అంకెలు కావు. కాని నిలకడ ఉంది. లెక్కలు తెలిసినవాడికి 114 కంటె ఈ నాలుగే ఎక్కువ ధైర్యమిస్తాయి.

ఆ 114లో కలిసిరావడం ఎంతో చూద్దామా? 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో నితీష్ 99 వద్ద ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. చివరి బ్యాట్స్‌మన్‌గా మన హైదరాబాదు సిరాజ్ వచ్చాడు. ప్యాట్ కమిన్స్ వేసిన మూడు బంతులను అతడు కాచుకోవాలి. కాచుకున్నాడు. తర్వాతి ఓవరులో నితీష్ ఫోరు కొట్టి శతకం పూర్తిచేశాడు. సిరాజ్ ఆ మూడింటిలో ఒకదానికి అవుటయి ఉంటే? నితీష్ నేర్పు వెంట్రుకవాసి కూడా తగ్గేది కాదు. శతకం మాత్రం ఉండేది కాదు!

తర్వాత వచ్చిన 1, 0, 4 చూసి "తలకెక్కింది" అన్నవాళ్ళు కూడా ఉంటారు. 334 తర్వాత 14 చేసిన బ్రాడ్‌మన్‌కు కూడా తలకెక్కిందా?

ఐ.పి.ఎల్. లెక్కలూ ఇలాగే ఉన్నాయి. 2024లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి బహుమతి పొందాడు. 2025లో 182 చేశాడు. ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రతి తగ్గుదలకీ ప్రతిగమనమే కారణమనడం కూడా సోమరితనమే. 2025 జనవరిలో అతడు ప్రక్కటెముకల వద్ద కండరం దెబ్బతిని కొంతకాలం ఆటకు దూరమయ్యాడు. మొదట ఆ తగ్గుదల మామూలుగా ఎంత ఉండాలో లెక్కకట్టాలి. అంతకు మించి తగ్గితేనే వేరే కారణం వెతకాలి. కారణం ముందే కనబడుతూ ఉంటే దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

కొడుకు ఆట కోసం నితీష్ తండ్రి ముత్యాలరెడ్డి గారు ఉద్యోగం వదులుకున్నారు. ఆ సాహసం ఫలించింది గనక మనకు తెలిసింది. అలాగే సాహసించి ఫలించని తండ్రుల పేర్లు పత్రికలకెక్కవు. గెలిచినవారిని మాత్రమే చూసి దారి ఎన్నుకుంటే, ఆ లెక్కలో ఓడినవారు ఎప్పుడూ ఉండరు. చదువు మానకుండా ఆట నేర్వమని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మాటకు ఇదీ ఒక శాస్త్రీయమైన ఆధారం.

తిట్టు పనిచేస్తుందా?

ఇజ్రాయెల్‌లో డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విమానం నడపడం నేర్పే ఉపాధ్యాయులకు పాఠం చెప్పాడు. శిక్షించడం కంటె మెచ్చుకోవడం మేలన్నాడు. ఒక ఉపాధ్యాయుడు లేచి, "మా అనుభవం వేరు. బాగా నడిపినవాణ్ణి మెచ్చుకుంటే మర్నాడు చెడగొడతాడు. చెడగొట్టినవాణ్ణి తిడితే మర్నాడు బాగుపడతాడు" అన్నాడు. ఆయన చూసింది నిజమే. చెప్పుకున్న కారణం తప్పు. మరీ బాగా చేసిన రోజు తర్వాతి రోజు, మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా, సాధారణంగా కొంచెం తగ్గుతుంది. మరీ చెడగొట్టిన రోజు తర్వాతి రోజు, తిట్టినా తిట్టకపోయినా, కొంచెం బాగుపడుతుంది. నడిమధ్య ఆ తిట్టు ఊరికే పేరు కొట్టేసింది! కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఉపాధ్యాయులమైన మేమూ, మీ తల్లిదండ్రులూ, మీ ఆటల మాస్టారూ ఈ సంగతి గుర్తుంచుకోవలసినవారమే. యూనిట్ పరీక్షలో మార్కులు తగ్గిన మీరు కూడా.

అయితే సగటు అన్నది రాతి మీద గీత కాదు. సాధనతో అది పైకి జరుగుతుంది. మన అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్ నేర్చుకోవడానికి 2014లో హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు. చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం చేరుకున్నది 2023 అక్టోబరులో. మధ్యలో తొమ్మిదేళ్ళు. అలా పెరిగిన సగటు ఒక్క చెడ్డ రోజుతో పోదు. ఒక్క మంచి రోజుతో రాదు.

మీరే చేసి చూడండి

1. నేల మీద సుద్దముక్కతో ఒక చిన్న వలయం గీయండి. దానికి వీపు పెట్టి నాలుగు అడుగుల దూరంలో నిలబడండి. ఒక్కొక్కరూ వెనక్కి చూడకుండా 5 చింతపిక్కలు వేయాలి. వలయానికి అవి ఎంతెంత దూరంలో పడ్డాయో కొలిచి, సగటు రాయండి. ఎవరికీ ఫలితం చెప్పకుండా మరో 5 వేయించండి. మొదటిసారి అందరికంటె ముందున్న ఐదుగురి సగటు, వెనకబడ్డ ఐదుగురి సగటు రెండోసారి ఎటు జరిగాయో చూడండి.

2. రెండోసారి వేయించేముందు వెనకబడ్డవారిని గట్టిగా తిట్టి చూడండి (ఆటకే సుమా!). వాళ్ళు బాగుపడితే అది తిట్టు మహిమేనని ఎలా తేలుస్తారు? తిట్టకుండా వదిలిన మరో గుంపు ఉండాలా, అక్కరలేదా? ఆలోచించండి.

3. మీ ఊరి జట్టులో మీకు నచ్చిన ఆటగాడు చేసే పరుగులు ఈ ఏడాదంతా ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎవరి మీద ఆడాడో, ఏ మైదానంలో ఆడాడో కూడా ప్రక్కన రాయండి. 5 ఇన్నింగ్స్ అవగానే పైన చెప్పిన సూత్రంతో అంచనా కట్టి, కాగితం మడిచి దాచిపెట్టండి. 20 ఇన్నింగ్స్ అయ్యాక విప్పి, తర్వాతి 15 ఇన్నింగ్స్ సగటుతో పోల్చి చూడండి. మీ అంచనా దగ్గరయిందా, "వీడు సచిన్ అంతవాడు" అన్న మీ స్నేహితుడి అంచనా దగ్గరయిందా?

మధ్యలో ఎప్పుడైనా అతడు వరుసగా 1, 0, 4 చేస్తే, నోటుపుస్తకం పట్టుకెళ్ళి అతనికి చూపించండి. తన పూర్తి సగటు తన కళ్ళతో చూసుకోవడం ఆ రోజున అతనికి చాలా అవసరం.